మేలుకొన్న తరువాత

‘మేలుకొలుపు’ అనే మాట వినగానే తెల్లవారుజామున దేవాలయంలో వినిపించే పాట మన మనసులో మెదలుతుంది. నిద్రించే దైవాన్ని లేపటంతో ఆ పాట పని పూర్తవుతుంది. మన ఆధ్యాత్మిక వాఙ్మయం కూడా చాలావరకు ఇలాగే నడుస్తుంది. జ్ఞానోదయమైన ఘడియను గురించి పుటలకు పుటలు వర్ణించిన గ్రంథాలు, ఆ మరునాటిని గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి. గౌతమ బుద్ధుడు సంబోధి పొందిన తరువాత కొన్ని వారాలపాటు ఆ పరిసరాల్లోనే గడిపాడనీ, తాను తెలుసుకొన్నదాన్ని ఇతరులకు చెప్పటానికి తొలుత వెనుకాడాడనీ బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆ వారాలను మనం త్వరత్వరగా దాటేసి ధర్మచక్ర ప్రవర్తనానికి వెళ్లిపోతాం.

కొన్నేళ్ల క్రితం ఒక తరగతిలో నేను రమణ మహర్షిని ప్రస్తావించాను. పదహారేళ్ల బాలుడు మృత్యుభయాన్ని జయించి, ఇల్లు విడిచి అరుణాచలం చేరిన ఘట్టాన్ని కొంత ఆవేశంగానే వర్ణించాను. వెనుక వరుసలో ఒక విద్యార్థిని లేచి, “సార్, మరి వాళ్లమ్మ?” అని అడిగింది. అంతలో గంట మోగింది. నిజానికి గంట మోగకపోయినా నా దగ్గర అప్పటికి తగిన సమాధానం లేదు. ఆ ప్రశ్న వెంట నడిచిన తరువాత నాకు తెలిసివచ్చిన సంగతి ఏమిటంటే, మేలుకోవటానికి ఆ బాలునికి ఎంతోసేపు పట్టలేదు. మేలుకొన్నవాడు తిరిగి మనుషుల మధ్యకు రావటానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

వేంకటరామన్ 1879 డిసెంబరు 30న తమిళనాట తిరుచ్చుళిలో జన్మించాడు. చిన్ననాట అతడు చెప్పుకోదగ్గ భక్తుడేమీ కాదు. ఫుట్‌బాల్ ఆడేవాడు, కుస్తీ పట్టేవాడు, ఈత కొట్టేవాడు. చదువు మీద శ్రద్ధ అంతంతమాత్రం. అతని నిద్ర మాత్రం అసాధారణం. మెలకువగా ఉన్నప్పుడు అతనితో కలబడలేని తోటిపిల్లలు, నిద్రలో ఉండగా మోసుకుపోయి, కసితీరా కొట్టి, తిరిగి తెచ్చి పడుకోబెట్టినా అతనికి తెలిసేది కాదట! 1892లో తండ్రి సుందరమయ్యరు మరణించటంతో ఆ కుటుంబం రెండు చోట్లకు చెదిరింది. అన్న నాగస్వామితో కలిసి వేంకటరామన్ మదురైలోని పినతండ్రి ఇంటికి చేరాడు. తల్లి అళగమ్మాళ్ చిన్నపిల్లలతో మానామదురైలో మరొక మరిది ఇంట ఉండిపోయింది. పన్నెండేళ్ల ప్రాయంలో తండ్రి లేకుండా పోయాడు, తల్లి దూరమైంది.

1896 జూలై నెల నడుమ ఒకనాడు మదురై ఇంటి మేడగదిలో అతడు ఒంటరిగా కూర్చున్నాడు. ఏ జబ్బూ లేదు. హఠాత్తుగా తాను చనిపోతున్నానన్న భయం కమ్ముకొంది. వైద్యుణ్ణి పిలవాలని గాని, పెద్దలకు చెప్పాలని గాని అతనికి తోచలేదు. కాళ్లూ చేతులూ చాచి శవంలా పడుకొన్నాడు. ఊపిరి బిగబట్టాడు, పెదవులు మూశాడు. ఈ శరీరం చనిపోతుంది సరే, దానితోపాటు నేను కూడా చనిపోతానా అని తనలో తాను వెతికాడు. శరీరానికి వేరుగా ‘నేను’ అనే స్ఫురణ చెక్కుచెదరకుండా ఉన్నదని అతనికి ప్రత్యక్షంగా తెలిసింది. మరణభయం ఆనాటితో అంతరించింది. తండ్రి పోయిన నాలుగేళ్లకే ఈ భయం ఇంత తీవ్రంగా పైకి రావటం యాదృచ్ఛికం కాదేమోనని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఆ తరువాతి ఆరు వారాలను విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. పైకి చూస్తే బాలుడు బాగుపడ్డట్టు కాదు, పాడైపోయినట్టు కనిపించాడు. ఆటలు మానేశాడు. స్నేహితులు రుచించలేదు. పెట్టింది తిన్నాడు, రుచి ఎంచలేదు. మునుపు ఎవరైనా పరిహసిస్తే తిరగబడేవాడు, ఇప్పుడు ఊరకుండేవాడు. సాయంకాలాలు మీనాక్షి ఆలయానికి వెళ్లి విగ్రహాల ముందు నిలబడితే ధారగా కన్నీళ్లు కారేవి. ఆ కన్నీళ్లు దుఃఖం వల్ల వచ్చినవి కావు, సంతోషం వల్ల వచ్చినవీ కావు. ఇంట్లోవారికి అర్థమైందల్లా ఒక్కటే: కుర్రవాడు చదవటం లేదు.

ఆగస్టు 29న, ఆంగ్ల వ్యాకరణ పాఠాన్ని మూడుసార్లు రాయమని ఉపాధ్యాయుడు విధించిన శిక్షను అనుభవిస్తూ, సగంలో పుస్తకాన్ని పక్కకు నెట్టి కళ్లు మూసుకొన్నాడు. ఇలాంటివానికి ఈ చదువులూ సంసారాలూ ఎందుకని అన్న మందలించాడు. ఆ మాట నిజమే కదా అని తమ్మునికి తోచింది. బడిలో ప్రత్యేక తరగతి ఉన్నదని లేచాడు. అయితే నా కళాశాల జీతం కట్టిరా, పెట్టెలోంచి అయిదు రూపాయలు తీసుకో అన్నాడు అన్న. వేంకటరామన్ మూడు రూపాయలు తీసుకొని, రెండు రూపాయలు ఒక ఉత్తరంతో పాటు వదిలి వెళ్లాడు. ఆ ఉత్తరం భాషాదృష్టితో చూసినా విశేషమైనదే. తండ్రిని వెతుక్కుంటూ వెళుతున్నానని ‘నేను’తో మొదలైన ఆ రచన, రెండో వాక్యానికే ‘ఇది’ అనే నపుంసక సర్వనామానికి మారిపోతుంది. చివర సంతకం ఉండవలసిన చోట పేరు లేదు, ఒక గీత మాత్రమే ఉంది. ఎవరూ దుఃఖించవద్దనీ, వెతకటానికి డబ్బు ఖర్చు చేయవద్దనీ, అన్న జీతం ఇంకా కట్టలేదనీ అందులో ఉంది. సంతకం పెట్టటానికి తన పేరు కూడా మిగలని బాలునికి అన్నగారి జీతం సంగతి గుర్తుంది! ఆయన కథలో నాకు ఎంతో ఇష్టమైన వివరం ఇది.

సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరాడు. ఆలయంలోని వేయిస్తంభాల మండపంలో కూర్చుంటే ఆకతాయి పిల్లలు రాళ్లు రువ్వారు. నేలమాళిగలోని పాతాళలింగం చెంతకు చేరితే, అక్కడి చీమలూ పురుగులూ తొడలను తొలిచి పుండ్లు చేశాయి. తెలిసినవారు పైకి మోసుకువచ్చిన తరువాత కూడా చాలాకాలం ఎవరైనా నోట పెడితే తప్ప తినే స్థితి లేదు. జుట్టు జడలు కట్టింది, గోళ్లు పెరిగి వంకరలు పోయాయి, లేచి నిలబడటమే కష్టమైంది. దీన్ని ఘోరతపస్సుగా లోకం కీర్తించింది. కాని తాను మౌనవ్రతం ఏదీ పట్టలేదని, మాట్లాడాలని అనిపించలేదంతేనని రమణులు అనంతరకాలంలో చెప్పేవారు.

1898 డిసెంబరులో తల్లి వచ్చింది. కొడుకు జాడ తెలిసి, పెద్దకొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. పవళక్కుండ్రు అనే చిన్న గుట్టపై, మాసిన గుడ్డతో, జడలతో రాతిమీద పడుకొన్న మనిషిని చూసి తన బిడ్డేనని గుర్తుపట్టింది. రోజుల తరబడి కొండెక్కి వచ్చి పిండివంటలు పెట్టింది, బతిమాలింది, ఏడ్చింది. అతడు పలకలేదు. ఒకసారి లేచి అవతలికి వెళ్లిపోయాడు. అక్కడున్నవారిలో ఒకరు చూడలేక, నోటితో చెప్పకపోతే పోనీ, రాసైనా చెప్పమని కాగితమూ పెన్సిలూ ఇచ్చారు. ఎవరి ప్రారబ్ధం ప్రకారం వారిని విధాత నడిపిస్తాడనీ, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదనీ, జరగవలసినది ఆపినా ఆగదనీ, కాబట్టి ఊరకుండటమే మేలనీ దాని సారాంశం. వేదాంతులు ఆ సందేశాన్ని ఎంతగానో మెచ్చుకొంటారు. తాత్పర్యాన్ని నేనూ కాదనను. కాని అందులో ‘అమ్మా’ అన్న పిలుపు లేదు. ఆమె తిరిగి వెళ్లిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి, పాఠానికి కాస్త పక్కగా ఒక మాట చెప్పాలి. మీలో చాలామందికి ఇప్పుడు వేంకటరామన్ వయసే. లోతైన అనుభూతి ఒక్కసారిగా కలిగినప్పుడు, అది ధ్యానం వల్ల కావచ్చు, ఆప్తుల మరణం వల్ల కావచ్చు, మనసు పాత ఇంటిని కూల్చుకొంటుంది. కొత్తది కట్టుకోవటానికి సమయం కావాలి. ఆధునిక మనోవైద్యం కూడా ఈ సంగతిని గుర్తించింది. అమెరికా మనోవైద్యుల సంఘం 1994లో వెలువరించిన వ్యాధి నిర్ణయ గ్రంథంలో, మతపరమైన, ఆధ్యాత్మికమైన సమస్యలను మానసిక వ్యాధులుగా కాక వేరుగా పేర్కొని, వాటికి ప్రత్యేక స్థానం కల్పించింది. అంతమాత్రాన ప్రతి కలతా జ్ఞానోదయం కాదు. రోజుల తరబడి నిద్రాహారాలు లేకపోయినా, ఎవరూ లేనిచోట మాటలు వినిపించినా, చనిపోవాలనిపించినా పెద్దలకు చెప్పి వైద్యుని వద్దకు వెళ్లాలి. ఇందులో నామోషీ లేదు. తిరువణ్ణామలైలో కూడా ఆ బాలుణ్ణి ఎవరో ఎత్తి బయటికి తెచ్చారు, ఎవరో నోట అన్నం పెట్టారు. వారే లేకపోతే ఈ పాఠం ఉండేది కాదు.

అలా అన్నం పెట్టి కాపాడినవారిలో పళనిస్వామి ముఖ్యుడు. ఆయన మలయాళీ. పెద్ద చదువరి కాదు, కాని వేదాంత గ్రంథాలు తెచ్చుకొని కూడబలుక్కొంటూ చదివేవాడు. ఆ అవస్థ చూడలేక రమణులు ఆ పుస్తకాలు తాము చదివి, సారం చెప్పసాగారు. ఆ విధంగా, తమకు మదురైలో కలిగిన అనుభవానికి శాస్త్రంలో ఒక పేరున్నదని వారికి తెలిసింది. ముందు అనుభవం, తరువాత నిఘంటువు! మనం చదువుకొనే క్రమానికి ఇది పూర్తిగా తలకిందులు. 1899 నుంచి విరూపాక్ష గుహ వారి నివాసమైంది. 1902లో శివప్రకాశం పిళ్లై అనే ఉద్యోగి వచ్చి ‘నేనెవడను?’ అని అడిగితే రమణులు రాతతోనే సమాధానాలిచ్చారు. తల్లికి రాసిన చీటీకీ ఈ జవాబులకూ నడుమ నాలుగేళ్లు గడిచాయి. మొదటిది తలుపు మూసింది, రెండోది తెరిచింది.

1907 నవంబరు 18న ఆ తలుపు వద్దకు ఒక తెలుగువాడు వచ్చాడు. బొబ్బిలి సమీపంలోని కలువరాయిలో పుట్టి, నవద్వీప పండిత పరిషత్తులో ‘కావ్యకంఠ’ బిరుదు పొందిన అయ్యల సోమయాజుల గణపతిశాస్త్రి, రమణుల కంటే ఏడాది పెద్దవాడు. సమస్త శాస్త్రాలూ చదివాననీ, మంత్రాలు జపించాననీ, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదనీ ఆయన పాదాలు పట్టుకొన్నాడు. ‘నేను’ అనే తలపు ఎక్కడ పుడుతుందో చూడమనీ, మంత్రనాదం ఎక్కడినుంచి వస్తున్నదో గమనించమనీ రమణులు మెల్లగా, నోటితోనే చెప్పారు. అంతవరకు బ్రాహ్మణస్వామి అని లోకం పిలుస్తున్న ఆ యువకునికి ‘భగవాన్ శ్రీ రమణ మహర్షి’ అని పేరు పెట్టినవాడు ఈ కావ్యకంఠుడే. ‘వేంకటరమణ’లోని ‘రమణ’ అలా నిలిచింది. ఉత్తరం చివర గీతతో పోయిన పేరు పదకొండేళ్ల తరువాత ఒక తెలుగు కవి నోట తిరిగివచ్చింది.

ఇంచుమించు అదే కాలంలో ఎచ్చమ్మాళ్ అనే స్త్రీ గుహకు వచ్చింది. భర్తనూ కొడుకునూ కూతురినీ పోగొట్టుకొని, కొండంత దుఃఖంతో రమణుల ముందు ఏమీ మాట్లాడకుండా నిలుచుంది. వారూ మాట్లాడలేదు. తిరిగి వెళ్లేటప్పటికి ఆ భారం తగ్గిందని ఆమె చెప్పుకొంది. నాటి నుంచి 1945లో మరణించేవరకు ప్రతిదినం వారికి అన్నం వండిపెట్టటమే ఆమె జీవితమైంది. ఆమె పెంచుకొన్న అమ్మాయి కూడా కొన్నాళ్లకు మరణించింది. ఆ వార్త వచ్చిన తంతి పట్టుకొని ఎచ్చమ్మాళ్ కొండపైకి పరుగెత్తినప్పుడు, దానిని చదివిన రమణుల కళ్లు చెమర్చాయి. ఇవి మీనాక్షి ఆలయంలో కారిన కన్నీళ్లు కావు. ఎదుటి మనిషి కోసం వచ్చినవి. ఈ రెండు కన్నీళ్ల మధ్య జరిగిన ప్రయాణమే ఈ వ్యాసానికి విషయం.

ఎచ్చమ్మాళ్ వంటి మరొక స్త్రీ కొన్ని దశాబ్దాల తరువాత మన గుంటూరు ప్రాంతం నుంచి వెళ్లింది. సూరి నాగమ్మగారు బాల్యంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, బాలవితంతువై, చదువుకొనే అవకాశం లేక తనకు తానే అక్షరాలు నేర్చుకొని పద్యాలల్లిన మనిషి. 1941లో రమణాశ్రమం చేరి, 1945 నుంచి అక్కడి దినచర్యను తన అన్నగారికి జాబులుగా రాశారు. అవే ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’. తెలుగు వచనంలో ఇంత నిరాడంబరమైన రచన అరుదు. 1947లో ఆమె కోరిక మీదనే రమణులు ‘ఏకాత్మ పంచకం’ రాశారు. భాష తెలుగు, ఛందస్సు తమిళ వెణ్బా! ఛందశ్శాస్త్ర ప్రియులకు ఇదొక విందు.

మళ్లీ విరూపాక్ష గుహ నాటి కాలానికి వద్దాం. 1912లో ఒకరోజు పచ్చయమ్మన్ కోవెల నుంచి నడిచి వస్తుండగా రమణుల కళ్ల ముందు తెల్లని తెర దిగినట్టయింది. తాబేలు బండ వద్ద కూర్చుండిపోయారు. ఊపిరి, రక్తప్రసారం ఆగిపోయాయి, ఒళ్లు నల్లబడింది. వెంట ఉన్న వాసుదేవశాస్త్రి కౌగిలించుకొని ఏడ్చాడు. పది పదిహేను నిమిషాల తరువాత ప్రాణం తిరిగి శరీరమంతటా పాకింది. ఆయన లోకంలోకి తిరిగి రావటం ఈ ఘట్టంతో సంపూర్ణమైందని జీవితచరిత్రకారుడు ఆర్థర్ ఆస్‌బోర్న్ అభిప్రాయపడ్డాడు. మదురైలో కలిగిన స్థితికి అనంతరం చేరిందీ, తగ్గిందీ ఏదీ లేదని భక్తుల దృఢవిశ్వాసం. ఈ రెంటికీ వైరుధ్యం లేదని నేను భావిస్తాను. మారనిది లోపలి ఎరుక. దానికి తగినట్టు నోరు, చేయి, కడుపు, బంధుత్వాలు క్రమంగా అమరాయి.

దీనిని రమణులే ఒక చక్కని పోలికతో వివరించేవారు. బావినీటిలో మునిగిన చేద నీటితో ఏకమైనట్టే ఉంటుంది, కాని తాడు పట్టి లాగితే పైకి వచ్చేస్తుంది. అది కేవల నిర్వికల్ప సమాధి. సముద్రంలో కలిసిన నది తిరిగి రాదు. అది సహజ సమాధి. మొదటిదానిలో లోకవ్యవహారం ఆటంకం, రెండోదానిలో ఆటంకం కాదు. ‘సహజం’ అనే ఈ మాటకు తోడు మన భాషలో మరొక మాటుంది. వైద్యుడు రోగిని ‘స్వస్థత చిక్కిందా?’ అని అడుగుతాడు. ‘స్వస్థుడు’ అంటే తనయందు తాను నిలిచినవాడు అని వ్యుత్పత్తి. ఆరోగ్యానికీ ఆత్మనిష్ఠకూ ఒకే పదాన్ని వాడిన పూర్వులు రెంటినీ వేరుచేసి చూడలేదన్నమాట.

ఇక ఆ విద్యార్థిని ప్రశ్న మిగిలింది.

1898లో వెనుదిరిగిన తల్లి ఆ తరువాత పెద్దకొడుకునూ మరిదినీ కోల్పోయింది. 1914లో కొండకు వచ్చినప్పుడు విషజ్వరం పడితే, ప్రారబ్ధాన్ని ఎవరూ తప్పించలేరని ఒకనాడు రాసిచ్చిన కొడుకే, తల్లి జ్వరం తగ్గించమని అరుణాచలుణ్ణి ప్రార్థిస్తూ నాలుగు పద్యాలు రాశాడు! దగ్గర కూర్చుని ఉపచారాలూ చేశాడు. 1916లో ఆమె శాశ్వతంగా వచ్చేసింది. ఆ ఏడే వారు గుహను వీడి, పైనున్న స్కందాశ్రమానికి మారారు. అక్కడ అంతవరకు పొయ్యి లేదు. భిక్షగా వచ్చింది పంచుకొనేవారు. తల్లి వచ్చాక వంటిల్లు వెలిసింది.

అంతా సుఖాంతమైందని అనుకోవద్దు. తొలిరోజుల్లో రమణులు అందరితో మాట్లాడుతూ తల్లికి మాత్రం బదులిచ్చేవారు కాదు. ఆమె నొచ్చుకొంటే, స్త్రీలందరూ తనకు తల్లులేననేవారు. ఆమె ఏడ్చేది. నా కొడుకు అనే మమకారాన్ని వదిలించటానికే అలా చేశారని వ్యాఖ్యాతలంటారు. కావచ్చు, ఆమె కష్టం మాత్రం తక్కువది కాదు. ఆమెకు మడీ ఆచారమూ ఎక్కువ. మోక్షానికి ఉల్లిపాయ ఎంత పెద్ద అడ్డమో చూడమని ఆయన ఆటపట్టించేవారు. అప్పడాలు చేయటానికి సాయం రమ్మని ఆమె పిలిస్తే, పిండి కలపటం, దంచటం, వత్తటం, కాల్చటంలో వేదాంతమంతా ఇమిడ్చి ‘అప్పళప్పాట’ కట్టి ఇచ్చారు. ఒకనాడు ఆమె పిండివంటలకు పలకని కొడుకు, ఇప్పుడు ఆమె వంటపని మీద పాట రాశాడు.

1922 మే 19న ఆమె అంత్యదశలో ఉంది. ఉదయం నుంచి రాత్రి దాదాపు ఎనిమిది గంటల వరకు రమణులు ఒక చేయి ఆమె గుండెపైనా, మరొక చేయి తలపైనా ఉంచి కూర్చున్నారు. ఆమెలో మిగిలిన వాసనలు, జ్ఞాపకాలు ఒకదాని వెంట ఒకటి పైకివచ్చి అణగిపోయాయని వారు తరువాత చెప్పారు. ప్రాణం పోయాక లేచి, భోజనాలకు రండి, మైల లేదు అన్నారు. ఆనాడు అక్కడెవరూ అంతవరకు అన్నం ముట్టలేదు.

ఆమెను కొండ పాదాన, పాలితీర్థం చెంత సమాధి చేశారు. స్కందాశ్రమం నుంచి రమణులు తరచుగా దిగి వచ్చి, కాసేపు కూర్చుని వెళుతుండేవారు. ఆ ఏడాది డిసెంబరులో ఒకరోజు అలా వచ్చి, తిరిగి కొండెక్కలేదు. అక్కడ ఒక పాక వేశారు. ఆ పాకే రమణాశ్రమమైంది. అక్కడ ఏళ్ల తరబడి వేకువనే లేచి, వంటింట్లో కూర్చుని కూరలు తరిగిన మనిషి ఆయనే.